హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ సీటు: ఫారం నింపిన రోజు నుంచి మొదటి సెమిస్టర్ దాకా

మొన్ననే మొదటి సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి. హెచ్‌సీయూలో ఎంఏ హిస్టరీ చదువుతున్నాను. మా డిగ్రీ కాలేజీ జూనియర్లు వరసబెట్టి ఫోన్లు చేస్తున్నారు. ఫారం ఎప్పుడొస్తుంది, ఏ సర్టిఫికెట్లు కావాలి, తెలుగు మీడియం వాళ్లు అక్కడ నెట్టుకురాగలరా అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే 2025లో నాకు జరిగింది జరిగినట్టు రాసిపెడదామనిపించింది. తేదీలు ఏటా మారతాయి, మీ నోటిఫికేషన్ మీరు చూసుకోండి. పని జరిగే వరస మాత్రం ఇలాగే ఉంటుంది.

నేను చదివింది ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో, హెచ్‌ఈపీ గ్రూపు (హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్), తెలుగు మీడియం. మా బ్యాచ్‌లో చాలామంది బీఈడీకో గ్రూప్స్ కోచింగ్‌కో వెళ్లారు. సెంట్రల్ యూనివర్సిటీ అంటే ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల చోటు, లక్షల్లో ఫీజు ఉంటుంది అనుకునేవాళ్లం. మా హిస్టరీ సార్ ఒకరోజు క్లాసు అయ్యాక పిలిచి, "అది కేంద్ర ప్రభుత్వం నడిపే యూనివర్సిటీ, ఎంఏ ఫీజు ప్రైవేటు కాలేజీలతో పోల్చే పనే లేదు. పరీక్ష రాసి చూడమ్మా" అన్నారు. ఆయన ఆ మాట అనకపోతే నేను దాని పేరు కూడా వెతికేదాన్ని కాదు.

ఈ యూనివర్సిటీ ఎలా పుట్టిందో నాకు అంతకుముందే తెలుసు, కానీ బిట్ ప్రశ్నగా మాత్రమే. 1973 ఆరు సూత్రాల పథకం, 32వ రాజ్యాంగ సవరణ, 371ఈ అధికరణం, 1974లో పార్లమెంటు చట్టం. గ్రూప్స్‌కు చదివే ప్రతి ఒక్కరికీ ఇవి నోటికొచ్చు. ముల్కీ గొడవ, జై ఆంధ్ర ఉద్యమం తర్వాత కుదిరిన ఒప్పందంలో ఈ యూనివర్సిటీ ఒక సూత్రం. నేను బట్టీపట్టిన ఆ లైను నేను వెళ్లి కూర్చోగలిగే చోటని తెలిశాక కొన్ని రోజులు నిద్ర సరిగా పట్టలేదు.

ఎంఏలో చేరాలంటే సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. దాన్ని నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ (ఎన్‌టీఏ) దేశమంతటా కంప్యూటర్ మీద పెడుతుంది. 2025 పరీక్షకు జనవరి 2 నుంచి ఫారాలు తీసుకున్నారు. ఓబీసీకి రెండు పేపర్ల దాకా ఫీజు 1,200 రూపాయలు, జనరల్‌కు 1,400. ఒక్క పేపర్ రాసినా అంతే కట్టాలి కాబట్టి హిస్టరీతో పాటు పొలిటికల్ సైన్స్ కూడా పెట్టాను. మీరూ రెండు పెట్టుకోండి. ఒకటి సరిగా రాయకపోయినా రెండోది చేతిలో ఉంటుంది.

మా మండలంలోని ఒక నెట్ సెంటర్‌లో ఫారం నింపించాం. కేటగిరీ దగ్గర ఆ అబ్బాయికి బీసీ-డీ అనే మాట కనిపించలేదని జనరల్ కొట్టేశాడు. కేంద్రం ఫారాల్లో మన బీసీ-ఏ, బీ, డీలు ఉండవు, ఓబీసీ-ఎన్‌సీఎల్ (నాన్ క్రీమీలేయర్) అని మాత్రమే ఉంటుంది. ఇంటికొచ్చి ప్రింటు చూసుకున్నప్పుడు గుండె జారింది. అదృష్టం కొద్దీ ఫిబ్రవరి రెండో వారంలో తప్పులు దిద్దుకోవడానికి మూడు రోజుల గడువు ఇచ్చారు. ఆ మూడు రోజుల మెసేజ్ ఫోన్‌కి రాకుండా పోతుందేమోనని రోజూ వెబ్‌సైట్ తెరిచి చూసుకునేదాన్ని. ఫారంలో మీ సొంత ఫోన్ నంబరు, మీ సొంత ఈమెయిలే ఇవ్వండి. నెట్ సెంటర్ వాళ్ల మెయిల్ ఇచ్చిన మా ఊరి అమ్మాయికి తర్వాత పాస్‌వర్డ్ కోసం వాళ్ల చుట్టూ తిరగడమే సరిపోయింది.

ప్రిపరేషన్ గురించి ఎక్కువ చెప్పను. తెలిసిన పాఠాన్ని తెలియని భాషలో గుర్తుపట్టడమే నాకు కష్టమైంది. హిస్టరీ పేపర్ ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది. 'శిస్తు' అంటే ఏమిటో నాకు తెలుసు, 'రెవెన్యూ అసెస్‌మెంట్' అని అడిగితే ఆగిపోయేదాన్ని. అందుకని ఒక నోట్‌బుక్ పెట్టి ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఇంగ్లీషు మాట రాసుకున్నాను. తర్వాత ఎంఏ క్లాసుల్లో కూడా నన్ను ఆదుకున్నది ఆ పుస్తకమే.

పరీక్షలు మార్చి 13 నుంచి ఏప్రిల్ 1 దాకా జరిగాయి. సెంటర్ ఏ ఊళ్లో పడిందో ముందే చెబుతారు, అడ్మిట్ కార్డు మాత్రం పరీక్షకు నాలుగు రోజుల ముందు వస్తుంది. నా రెండు పేపర్లు వేర్వేరు రోజుల్లో పడ్డాయి, అంటే రెండుసార్లు బస్సు చార్జీలు, రెండుసార్లు బాపుకి కూలి పోవడం. లోపలికి ఆధార్, అడ్మిట్ కార్డు, ఫోటో తప్ప ఏమీ తీసుకుపోనివ్వరు. చెవి కమ్మలు కూడా తీయించారు. అవి బాపు చేతిలో పెట్టి వెళ్లాను.

75 ప్రశ్నలు, 90 నిమిషాలు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. చాలావరకు జతపరచడం, ఏది ముందు ఏది వెనక అని కాలక్రమంలో పెట్టడం, రెండు వాక్యాలిచ్చి ఏది నిజమో తేల్చమనడం. సంవత్సరాలు బట్టీపట్టిన వాళ్ల కంటే ఏ రాజవంశం తర్వాత ఏది వచ్చిందో కథలాగా తెలిసిన వాళ్లకు ఈ పేపర్ తేలిక. పొలిటికల్ సైన్స్ రోజు మాత్రం బయటికొచ్చి బస్టాండులో కూర్చుని ఏడ్చాను. బాపు ఏమీ అడగలేదు, చెరుకు రసం తెచ్చి ఇచ్చాడు.

ఆ నెలాఖరులోనే టీవీల్లో క్యాంపస్ కనిపించడం మొదలైంది. మార్చి 30, ఉగాది నాడు, క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను చదును చేయడానికి ప్రభుత్వం జేసీబీలు దింపింది. చెట్లు పడుతున్నాయి, నెమళ్లు అరుస్తున్నాయి, విద్యార్థులను పోలీసులు ఎత్తుకెళ్తున్నారు. ఇంకా సీటు రాలేదు, అక్కడ నేనెవరినీ కాదు. అయినా మా ఇల్లు కూలుస్తున్నట్టు చూస్తూ ఉండిపోయాను. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నాక గానీ ఊపిరాడలేదు. అమ్మకు మాత్రం భయం పట్టుకుంది. "గక్కడికి ఎందుకు బిడ్డా, ఈడనే బీఈడీ చెయ్యరాదా" అని ఆ నెలంతా అంటూనే ఉంది.

ఏప్రిల్ 22న జవాబుల ప్రాథమిక కీ ఇచ్చారు. ఏదైనా జవాబు తప్పనిపిస్తే ప్రశ్నకు 200 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పొచ్చు, ఆ డబ్బు తిరిగి రాదు. నాకు ఒక ప్రశ్న మీద అనుమానం ఉంది కానీ 200 రూపాయలు పెట్టేంత ధైర్యం లేక ఊరుకున్నాను. ఫలితాలు మే 6న వచ్చాయి. స్కోరు కార్డులో మార్కులు ఉంటాయి, సీటు వస్తుందో రాదో అందులో తెలియదు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. సీయూఈటీలో మార్కులు వచ్చాయి కదా, యూనివర్సిటీ వాళ్లే పిలుస్తారని ఇంట్లో కూర్చుంటారు. ఎవరూ పిలవరు. ఎంసెట్‌లాగా అందరికీ కలిపి ఒకే కౌన్సెలింగ్ ఉండదు. ఏ యూనివర్సిటీలో చేరాలనుకుంటే దాని వెబ్‌సైట్‌లోకి వెళ్లి సీయూఈటీ నంబరుతో మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, దానికి మళ్లీ ఫీజు కట్టాలి, దానికీ ఆఖరు తేదీ ఉంటుంది. మా కాలేజీలోనే నాకంటే మంచి మార్కులు వచ్చిన అబ్బాయి ఒకడు ఈ సంగతి తెలిసేలోపు గడువు దాటిపోయింది. వాడి గురించి ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఈ రాతలో మీరు ఒక్క పేరానే గుర్తుపెట్టుకుంటే ఇదే పెట్టుకోండి.

రెండో గండం ఓబీసీ సర్టిఫికెట్. ఇంట్లో ఉన్న కులం సర్టిఫికెట్ దీనికి పనికిరాదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ అని విడిగా తీసుకోవాలి. మీ కులం రాష్ట్రం బీసీ జాబితాలో ఉన్నా కేంద్రం ఓబీసీ జాబితాలో ఉండకపోవచ్చు, అది ముందే చూసుకోండి. ఆదాయం పరిమితి 8 లక్షలు, అందులో జీతం, వ్యవసాయం మీద వచ్చేది లెక్కించరు. ఈ విషయం చెప్పినా ఒక ఆఫీసులో గుమాస్తా నమ్మలేదు, పొలం ఉంది కదా అంటూ రెండు వారాలు తిప్పాడు. నేను రూలు ప్రింటు తీసుకుపోయి బల్ల మీద పెట్టాక గానీ ఫైలు కదల్లేదు. బాపు మామూలుగా ఆఫీసుల్లో నిలబడి మాట్లాడతాడు. ఆరోజు నన్ను కుర్చీలో కూర్చోమని తాను పక్కన నిలబడ్డాడు.

ఇంకో సంగతి, ఆ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరంలో తీసిందై ఉండాలి. జనవరిలో తీసి దాచుకుంటే ఏప్రిల్ దాటాక పాతదైపోతుంది. ఏప్రిల్ మొదటి వారంలోనే మీసేవలో పెట్టుకోండి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన జనరల్) వాళ్లకూ ఇదే. కేంద్ర విద్యాసంస్థల్లో ఓబీసీకి 27 శాతం, ఎస్సీకి 15, ఎస్టీకి 7.5, ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం సీట్లు ఉంటాయి. సర్టిఫికెట్ ఒక్కరోజు ఆలస్యమైనా జనరల్‌లో పోటీ పడాల్సి వస్తుంది.

జూన్ అంతా ఎదురుచూపులే. మొదటి జాబితాలో నా పేరు లేదు, వెయిటింగ్ లిస్టులో ఉంది. ఊళ్లో అందరూ "సీటు వచ్చిందా" అని అడుగుతుంటే బయటికి పోవడం మానేశాను. అప్పుడు ఫోన్లో పరిచయమైన ఒక సీనియర్ అక్క, "ఢిల్లీలో సీటొచ్చిన వాళ్లు ఇది వదిలేస్తారు, జాబితా కదులుతుంది, కంగారు పడకు" అంది. ఆమె చెప్పినట్టే తర్వాతి జాబితాలో పేరు వచ్చింది. ఫీజు కట్టడానికి ఇచ్చిన గడువు కొద్ది రోజులే. డబ్బు ముందే ఖాతాలో వేసి ఉంచుకోండి, జాబితా వచ్చాక అప్పు కోసం తిరిగే టైం ఉండదు. కట్టిన మొత్తం చూసి బాపు రెండుసార్లు రసీదు చదివించుకున్నాడు. మా పక్కింటి అబ్బాయి ప్రైవేటు ఇంజినీరింగ్ ఫీజుతో పోల్చుకుని, "గింతేనా, ఇంకేమన్న కట్టాల్నా" అని అడిగాడు.

సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్లిన రోజు లింగంపల్లి స్టేషన్‌లో దిగాం. అక్కడి నుంచి యూనివర్సిటీ దగ్గరే. పది, ఇంటర్, డిగ్రీ మెమోలు, టీసీ, మైగ్రేషన్, కులం, ఆదాయం, అన్నీ ఒరిజినల్స్, ఒక్కోదానికి రెండు జతల జిరాక్సులు. మైగ్రేషన్ సర్టిఫికెట్ సంగతి మాకు డిగ్రీలో ఎవరూ చెప్పరు. ఒక యూనివర్సిటీ నుంచి ఇంకో యూనివర్సిటీకి మారేటప్పుడు అది కావాలి. దరఖాస్తు పెట్టాక రావడానికి వారాలు పడుతుంది కాబట్టి ఫైనల్ రిజల్ట్ వచ్చిన రోజే పెట్టుకోండి. ర్యాగింగ్ చేయనని విద్యార్థి, తల్లి లేదా తండ్రి ఇద్దరూ హామీ ఇవ్వాలి, అది ఆన్‌లైన్‌లో నింపి ప్రింటు తీసుకోవాలి. బాపు ఆ కాగితం మొత్తం చదివి చెప్పమని, విన్నాకే సంతకం చేశాడు.

గేటు లోపలికి అడుగుపెట్టినప్పుడు నాకు ముందు కనిపించింది బిల్డింగులు కాదు, బండరాళ్లు. 2,300 ఎకరాల దాకా ఉంటుందంటారు. ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లు, మధ్యలో చెరువులు, సాయంత్రమైతే రోడ్డు దాటే జింకలు. నడిచి తిరగగలమనుకోకండి. హాస్టల్ నుంచి క్లాసుకు, క్లాసు నుంచి లైబ్రరీకి పోవాలంటే సైకిల్ ఉంటే ప్రాణం సుఖం. వెళ్లిపోయే సీనియర్ల దగ్గర పాత సైకిళ్లు దొరుకుతాయి, నేనూ అలాగే కొనుక్కున్నాను. వానాకాలం పాములు తిరుగుతాయి, రాత్రిపూట టార్చి దగ్గర పెట్టుకోండి.

హాస్టల్‌లో నా రూమ్మేట్ది కేరళ. ఆమెకు తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. మొదటి వారం చేతులతో మాట్లాడుకున్నాం. నిజం చెప్పాలంటే నా ఇంగ్లీషు బాగుపడింది క్లాసులో కాదు, రాత్రి పన్నెండింటికి ఆమెతో గొడవపడి, రాజీపడి మాట్లాడుతుంటేనే. మెస్ బిల్లు నెలనెలా మారుతుంది, నెల ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు కొంచెం ఎక్కువే వేసుకోండి.

ఇక చదువు. డిగ్రీలో గైడు ఉండేది, పరీక్ష ముందు ముఖ్యమైన ప్రశ్నలు ఇచ్చేవాళ్లు. ఇక్కడ మొదటి రోజే ఒక జాబితా చేతిలో పెట్టారు. పుస్తకాలు, వ్యాసాలు, అన్నీ ఇంగ్లీషువే, వచ్చే వారానికి ఫలానావి చదివి రండి అన్నారు. ఇరవై పేజీల వ్యాసం చదవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. మూడో పేజీకి వచ్చేసరికి మొదటి పేజీ మర్చిపోయేదాన్ని. క్లాసులో అందరూ చేతులెత్తి మాట్లాడుతుంటే నాకు జవాబు తెలిసినా వాక్యం కూడబలుక్కునేలోపు మాట ఇంకొకరి దగ్గరికి పోయేది. ఆగస్టులో ఒకరోజు ఇంటికి ఫోన్ చేసి వచ్చేస్తానని చెప్పాను. అమ్మ వెంటనే "రా బిడ్డా" అంది. బాపు ఫోన్ తీసుకుని, "పరీక్ష దాక చూడు, గప్పుడు రాకుంటె ఒస్తువు" అన్నాడు.

మార్కుల్లో ఒక మంచి సంగతి ఉంది. 100కి 40 సెమిస్టర్ నడుస్తుండగా వచ్చే ఇంటర్నల్స్‌వి, 60 చివరి పరీక్షవి. అంటే ఒక్క పరీక్షతో జాతకం తేలిపోదు. హాజరు 75 శాతం ఉండాలి. ఇంటర్నల్స్‌లో ఒకటి రాత పరీక్ష అయితే ఇంకొకటి టర్మ్ పేపర్, మరొకటి సెమినార్ కావచ్చు, అది మేడంలు, సార్ల ఇష్టం. నా మొదటి రాత పరీక్ష పేపర్ తిరిగి ఇచ్చినప్పుడు మార్కులు తక్కువే ఉన్నాయి, కానీ పక్కన మేడం పెన్నుతో సగం పేజీ రాసి ఉంది. ఎక్కడ వాదన బాగుంది, ఎక్కడ ఆధారం లేదు అని. నా జవాబును ఎవరైనా అంత శ్రద్ధగా చదవడం నా చదువు మొత్తంలో అదే మొదటిసారి.

టర్మ్ పేపర్ నన్ను ఇక్కడ కట్టేసింది. కాకతీయుల కాలం చెరువుల మీద రాస్తానని చెప్పాను. పాకాల, రామప్ప, లక్నవరం, ఎలాగూ తెలిసినవే కదా అనుకున్నాను. మేడం విని, "సరే, మీ ఊరి చెరువు కింద నీళ్లు ఎవరు పంచేవాళ్లు?" అని అడిగారు. నీరటోళ్లు అని చెప్పాను. వాళ్లకు కూలి ఎవరిచ్చేవాళ్లు, ధాన్యమా డబ్బా, చివరి పొలానికి నీళ్లు చాలనప్పుడు తగవు ఎవరు తీర్చేవాళ్లు, ఆ పని ఎప్పుడు ఆగిపోయింది అని వరసగా అడిగారు. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఏ పుస్తకంలో ఉంటుందని అడిగితే, "ఉండకపోవచ్చు. నువ్వు వెళ్లి అడిగి రాయి" అన్నారు.

రీసెర్చ్ యూనివర్సిటీ అంటే ఏంటని జూనియర్లు అడుగుతుంటారు. నాకు తెలిసింది ఆ మధ్యాహ్నమే. బయట పీహెచ్‌డీలు, జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, సెమినార్లు అని చెబుతారు, అవన్నీ ఉన్నాయి. మా కారిడార్‌లోనే పీహెచ్‌డీ అక్కలు ఉంటారు, తలుపు కొడితే కూర్చోబెట్టి ఫుట్‌నోట్ ఎలా రాయాలో చూపిస్తారు. కానీ మా ఊరి చెరువు గురించి ఎవరూ రాయలేదు, అది నేను రాయొచ్చు అని ఒక టీచర్ సీరియస్‌గా చెప్పడం వేరే సంగతి. బాపు వరిమడిలో నిలబడి తిట్టుకునే నీళ్ల తగాదా కూడా చరిత్రే అని నాకు ఏ గైడూ చెప్పలేదు.

దసరాకి ఊరికి పోయి మా తాత వయసు వాళ్లతో మాట్లాడి ఫోన్లో రికార్డు చేసుకున్నాను. ఇందిరాగాంధీ మెమోరియల్ లైబ్రరీలో కూర్చుని రాశాను. ముందు తెలుగులో రాసుకుని, తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకున్నాను. అలా చేస్తే ఏమంటారోనని భయపడుతూనే మేడంకు చెప్తే, ఆలోచన తెలుగులో నడిస్తే తెలుగులోనే నడవనీ అన్నారు. మంచి మార్కులే వచ్చాయి.

ఎన్నికలప్పుడు రాత్రిళ్లు జరిగే డిబేట్లు, క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్ షాప్‌కామ్ దగ్గర టీ, 2016లో ఇక్కడే ప్రాణం తీసుకున్న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల పేరు చెప్పగానే సీనియర్ల గొంతు మారిపోవడం, వీటి గురించి విడిగా రాయాలి. ఒక్క మాట మాత్రం చెబుతాను. ఇక్కడ మీ ఊరు, మీ కులం, మీ మీడియం మీతో పాటే వస్తాయి. వాటి గురించి గట్టిగా మాట్లాడేవాళ్లూ, వినేవాళ్లూ దొరుకుతారు. నాకు అది ధైర్యాన్నిచ్చింది.

తెలుగు మీడియం వాళ్లు నెట్టుకురాగలరా అన్నదానికి నా జవాబు ఇది. మొదటి రెండు నెలలు చాలా కష్టం. ఆ రెండు నెలలు ఎవరితోనైనా రోజూ మాట్లాడండి, గదిలో ఒంటరిగా కూర్చోకండి. అర్థం కానిది క్లాసయ్యాక మేడం దగ్గరికి వెళ్లి తెలుగులోనే అడగండి, తెలుగు వచ్చిన టీచర్లు చాలామందే ఉన్నారు. ఎండాకాలం సెలవుల్లో వచ్చేముందే రోజుకు రెండు పేజీల ఇంగ్లీషు చరిత్ర చదవడం మొదలుపెట్టండి.

మా చెరువు లెక్కలు నిజాం కాలం కాగితాల్లో ఉండొచ్చని, పాత ప్రభుత్వ కాగితాలు దాచే, తార్నాకలో ఉన్న స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లి చూడమని మేడం చెప్పారు. ఆ కాగితాలు చాలావరకు ఉర్దూ, ఫారసీలో ఉంటాయి. అందుకని ఈ సెలవులకు ఊరికి పోకుండా హాస్టల్లోనే ఉండి, ఉర్దూ డిపార్ట్‌మెంట్‌లో చదివే ఒక అక్క దగ్గర అక్షరాలు నేర్చుకుంటున్నాను. జనవరిలో రెండో సెమిస్టర్ మొదలయ్యేలోపు కూడబలుక్కునైనా చదవడం రావాలి.